పక్క సీటు స్పీకరు

జూన్ 3, మంగళవారం

తాతయ్యా,

ఈ రోజు మొదటి ఆశ్చర్యం పొద్దున్నే ఎదురైంది. మన పికప్ డాష్‌బోర్డులోంచి స్టీరియో బయటికి లాగితే దాని వెనక ఎలుక గూడు ఉంది. ఆ ఎలుక గూడు దేంతో కట్టుకుందో తెలుసా? చాక్లెట్ కాగితాలతో. షుగరొచ్చిన దగ్గర్నుంచీ ముట్టుకోలేదని డాక్టరు ముందు ఒట్టేశావే, ఆ చాక్లెట్లే. అమ్మమ్మ గూడుని పళ్లెంలో పెట్టుకుని, వరండాలో కూర్చుని, ఒక్కో కాగితం సాపు చేసి చదువుతోంది. "ఇది పాత రకం. ఇదిగో, ఇది మొన్నమొన్న వచ్చింది" అంటోంది. ఇంటికొచ్చేలోపు ఏదో ఒక కథ అల్లి పెట్టుకో.

ఫోన్ చేద్దామంటే నీతో ఫోన్లో మాట్లాడటం గోడకి కబుర్లు చెప్పినట్టే ఉంటుంది. అందుకే ఉత్తరం. పైగా నాకీ మధ్య రాయడం మీద మోజు పుట్టింది. "చూసింది రాయండి, ఊహించింది రాయకండి" అని మా కాలేజీ మేష్టారు రోజూ చెవినిల్లు కట్టుకుని చెబుతున్నారు. ఇకపై నేను చూసిందే రాస్తాను.

చూసింది ఏంటంటే, మామయ్య మన బండిని తుక్కుకి వేసేస్తానంటున్నాడు. "మోకాలు మార్పించుకున్న మనిషి ఇంకేం నడుపుతాడు? రేడియో కూడా పలకని డొక్కు అది. మన అద్దాల షాపు సరుకు చేరవెయ్యడానికి వ్యాను మాట్లాడుకుంటే సరిపోదూ?" అన్నాడు. నేను ఊరుకుంటానా? కొత్తగా వచ్చిన లైసెన్సు తీసి ఆయన ముక్కు ముందు ఆడించాను. చివరికి ఒప్పందం కుదిరింది. సెలూన్ ఆయనకి మూడు నిలువుటద్దాలు చేర్చాలి. మూడూ చెక్కు చెదరకుండా చేరితే బండి ఉంటుంది, నాదవుతుంది. ఒక్కటి పగిలినా తుక్కు యార్డుకే.

ముందు దాని మూగనోము వదిలించాలి. స్టీరియో పూర్తిగా చచ్చిపోయింది, దీపం కూడా వెలగదు. పైన కంపెనీ లేబులుంది కానీ నంబరు చివర్న ఎలుక కొరికేసింది. అచ్చం ఇలాంటి ముఖమున్న స్టీరియోనే యార్డులో దొరుకుతుందంటావా?

నీ పిడుగు

జూన్ 7, శనివారం

ఒసే పిడుగూ,

ఆ కాగితాలు నావి కావు, ఎలుకవి. దానికి షుగరు లేదు. మీ అమ్మమ్మకి ఈ ముక్క చదివి వినిపించు, పళ్లెం మాత్రం దూరంగా పెట్టు.

ఇక్కడ మీ పెద్దమ్మ ఇంట్లో నేను ఖైదీని. పొద్దున ఒకడొస్తాడు, కాలెత్తమంటాడు. సాయంత్రం మళ్లీ వస్తాడు, మళ్లీ ఎత్తమంటాడు. వాడికి కాళ్ల మేష్టారని పేరు పెట్టాను. ఎత్తిన కాలు వాడి మీదే దించుదామని రెండుసార్లు అనిపించింది. తిండిలో ఉప్పు లేదు, మాటల్లో కారం లేదు. మీ అమ్మమ్మ అరుపులు లేక ఇల్లంతా చప్పగా ఉంది.

స్టీరియో సంగతి చెబుతా, శ్రద్ధగా విను. ముఖం చూసి మోసపోకు. ఆ మోడల్ బండ్లు రెండు రకాలుగా వచ్చాయి. మామూలు రకంలో బలమంతా స్టీరియోలోనే ఉంటుంది. మనది ఖరీదు రకం. సీటు వెనక రేకు పెట్టె ఒకటుంది చూడు, అది విడి యాంప్. మన స్టీరియో సన్నటి గొంతుతో గుసగుసలాడితే, ఆ పెట్టె దాన్ని పెద్దది చేసి స్పీకర్లకి పంపుతుంది. మామూలు రకం ముఖం తెచ్చి ఆ పెట్టెకి తగిలించావనుకో, అసలే అరుస్తున్నవాడి చేతికి మైకిచ్చినట్టు ఉంటుంది. ముందువైపు రెండూ కవల పిల్లల్లా ఉంటాయి. వెనక్కి తిప్పి ప్లగ్గు చూడు. మనదానికి సన్నటి ప్లగ్గు విడిగా ఇంకోటి ఉంటుంది.

ఇంకో మాట. అమ్మమ్మని పక్క సీట్లో కూర్చోబెట్టుకోకుండా బండికి అద్దాలెక్కించకు.

చేదు మాత్రల మధ్య నుంచి,
మీ తాత

జూన్ 11, బుధవారం

తాతయ్యా,

నీ ఉత్తరం ఒక్కరోజు ముందొస్తే నా పరువు దక్కేది. అప్పటికే యార్డుకెళ్లి, ముఖం చూసి, మోసపోయి వచ్చాను. తగిలించి మీట నొక్కగానే బండిలోంచి వచ్చిన చప్పుడుకి పక్కింటి టైలరమ్మ సూది వేలికి గుచ్చుకుంది. ఆమె అన్న మాటలు చూసినవి కావు, విన్నవి, కాబట్టి రాయను.

మర్నాడు నీ ఉత్తరం పట్టుకుని మళ్లీ వెళ్లాను. యార్డు ఓనరుని అందరూ తుక్కు మారాజంటారు. పగిలిన బస్సు సీటు మీద కూర్చుని దర్బారు చేస్తాడు. "నిన్ననే కదమ్మా తీసుకెళ్లావ్, అప్పుడే మొహం మొత్తిందా?" అన్నాడు. "మొహం బానే ఉంది, వీపు కుదర్లేదు" అన్నాను. ఆయనకి ఆ మాట తెగ నచ్చింది. గుట్టలో పడి వెతుక్కోమని చేతికి గ్లవుజులిచ్చాడు. ఒక్కొక్కటీ వెనక్కి తిప్పి, లేబులు తుడిచి, ప్లగ్గులు చూస్తూ పోతే మధ్యాహ్నానికి దొరికింది. ఎలుక కొరకని మూడొంతుల నంబరూ మనదానితో అక్షరం పొల్లుపోకుండా కలిసింది. సన్నటి ప్లగ్గు కూడా ఉంది.

బిగించాను. పాడింది! కానీ డ్రైవరు వైపు తలుపు మాత్రమే పాడింది. పక్క సీటు వైపు తలుపు ఉలకదు, పలకదు. శబ్దాన్ని ఈ వైపుకో ఆ వైపుకో మళ్లించే బాలెన్సు మీట అటు తిప్పితే బండి మొత్తం మౌనవ్రతం.

విప్పి చూద్దును కదా, తాతయ్యా, నిన్నెవరో నిలువునా ముంచారు! డ్రైవరు వైపున్నది కంపెనీ స్పీకరు. ఇంత అయస్కాంతం, వెనక లేబులు, రెండు ఓమ్‌లని అచ్చు. పక్క తలుపులో ఉన్నది ఏదో గది రేడియోలోంచి పీకిన బుల్లి స్పీకరు. ఆ కన్నానికి సరిపోక చుట్టూ అట్టముక్కలు దోపారు. దాని మీద ఎనిమిది ఓమ్‌లని ఉంది. పైగా తీగ కత్తిరించి, చివర్లకి నీటుగా టేపు చుట్టి ఉంది. అసలుది కొట్టేసి నకిలీది పెట్టారు. మన బండి కరెంటు పని చేసేది ఆ ఫ్యూజు మావే కదా? ఆయన పనేనని నాకు గట్టి అనుమానం. ఇవాళ సాయంత్రమే అడిగేస్తాను.

అమ్మమ్మని పక్కన కూర్చోబెట్టుకోమన్నావు. ఆవిడకి షికారంటే అంత ఇష్టమా? నువ్వింత సరసుడివని నాకు తెలీదు సుమా.

నీ పిడుగు

జూన్ 15, ఆదివారం

పిడుగూ,

కొంప ముంచకు. ఫ్యూజుగాణ్ణి ఏమీ అనకు. వాడికి నోరు లేదు, వాడి పెళ్ళానికి ఉంది. ఆ పక్క తలుపు జోలికి అస్సలు పోకు. ఎలా ఉందో అలా బిగించెయ్. ఎందుకంటే ఆ స్పీకరు

తాతయ్యకి వ్యాయామం టైమయింది. కాళ్లాయన వస్తే కలం ఎక్కడ పెట్టారో, కాగితం ఎక్కడ పెట్టారో చూసుకోలేదు. పూర్తయిందనుకుని నేనే పోస్టు చేస్తున్నాను. బాగా చదువుకో. – పెద్దమ్మ

జూన్ 16, సోమవారం

తాతయ్యా,

నీ జవాబు కోసం ఎదురుచూసి కళ్లు కాయలు కాశాయి. ఇక ఆగలేక పని ముగించేశాను.

ముందు ఫ్యూజు మావ కథ. ఆయన షాపుకెళ్లి, "స్పీకరేం చేశారు?" అని నలుగురి ముందూ అడిగాను. ఆయన తెల్లమొహం వేశాడు. వాళ్లావిడ మాత్రం వెయ్యలేదు. వీధి చివరి దాకా నన్ను సాగనంపింది, మాటలతోనే. అందులో కొన్ని మాటలు నాకు కొత్తవి. మర్చిపోకముందే ఇంటికొచ్చి రాసుకున్నాను.

తర్వాత మళ్లీ తుక్కు మారాజు దర్బారుకెళ్లాను. అదే మోడల్ బండి ఒకటి ముక్కు పచ్చడై పడి ఉంది, తలుపులు మాత్రం భేషుగ్గా ఉన్నాయి. డ్రైవరు వైపు స్పీకరుని పక్కన పెట్టి చూసుకున్నాను. అదే లేబులు, అదే అయస్కాంతం, అవే రెండు ఓమ్‌లు. ఇంటికి తెచ్చి తీగ అతికి బిగించాను. తాతయ్యా, మీట తిప్పగానే ఏమైందో తెలుసా? పాట బండిలో కూర్చుంది. ఇంతకు ముందు కిటికీ దగ్గర నిలబడి పాడినట్టుండేది. ఇప్పుడు ముఖం, పెట్టె, రెండు స్పీకర్లు అన్నీ కంపెనీలోంచి వచ్చిన రోజు ఎలా ఉన్నాయో అలా ఉన్నాయి. మామయ్య కూడా కాసేపు తల ఊపాడు. నేను చూశానని తెలిసి ఆపేశాడు.

ఇక అసలు బాంబు. ఆ ఆనందంలో వంటింట్లోకి మంచినీళ్లకెళ్లాను. అలమర మీద అమ్మమ్మ రేడియో పాడుతోంది. దాని పక్కన ఎప్పట్నుంచో ఒక చెక్కపెట్టె ఉంటుంది కదా, శబ్దం అందులోంచే కదా వచ్చేది? ఎందుకో వెనక్కి తిప్పాను. ఈ మధ్య నాకు ప్రతిదాన్నీ వెనక్కి తిప్పే జబ్బు పట్టుకుంది. అదే లేబులు! మన బండి అసలు స్పీకరు! దొంగ ఇంట్లోనే ఉంది తాతయ్యా, కూరగాయలు తరుగుతోంది!

"ఎందుకు తీశావు?" అన్నాను.

"గోల భరించలేక" అంది, తలెత్తకుండా.

"తాతయ్య పాటలంటే నీకంత కంపరమా?"

"చేతులు కడుక్కోకుండా ఆ గిన్నె ముట్టుకోకు" అంది.

అదీ సంగతి. పాపం, నువ్వు ఒంటి స్పీకరుతో బతుకంతా నెట్టుకొచ్చావు, ఆవిడేమో వంటింట్లో నీ రెండో స్పీకరుతో జల్సా చేసింది. ఎల్లుండి అద్దాలు ఎక్కిస్తున్నాం. నువ్వు చెప్పావు కాబట్టి దొంగని పక్కనే కూర్చోబెట్టుకుంటాను.

విజయగర్వంతో,
నీ పిడుగు

జూన్ 19, గురువారం

తాతయ్యా,

పగిలింది.

నీ సగం ఉత్తరం నిన్న సాయంత్రం వచ్చింది. పొద్దున రావాల్సింది.

చూసింది చూసినట్టు రాస్తాను. మూడద్దాలూ బండి వెనక, పక్క సీటు వైపున్న ర్యాకులో నిలబెట్టి తాళ్లు కట్టాం. అమ్మమ్మ ఎక్కింది. నేను స్టీరియో పెట్టాను. "అది ఆపు" అంది. కొంచెం తగ్గించాను. మార్కెట్ దాటాక నా మోచేతి పైన గట్టిగా గిల్లింది. పాట నచ్చలేదేమో అనుకుని నవ్వాను. మళ్లీ గిల్లింది. నేను ఉడికిద్దామని శబ్దం పెంచాను. మూడోసారి గిల్లుతూ ఏదో అరిచింది. అప్పటికే చక్రం గుంటలో పడింది. వెనక నుంచి టంగుమంది. ఎంత చక్కటి శబ్దమో తాతయ్యా, గంట కొట్టినట్టు. అంత చక్కగా ఉండటం ఇంకా బాధగా ఉంది.

మూడో అద్దం పైనుంచి కింది దాకా పగిలింది. సెలూన్ ఆయన దాని ముందు నిలబడి, "నా దగ్గరికొచ్చే వాళ్లు సగం మొహానికే గడ్డం గీయించుకోవాలా?" అన్నాడు. మంగళవారం ఉదయానికల్లా ఇంకోటి తేవాలన్నాడు. ఒప్పందం ప్రకారం బండి పోయినట్టేనని మామయ్య అన్నాడు. తుక్కు మారాజుకి కబురు కూడా పంపాడు, మంగళవారం మధ్యాహ్నం వస్తాడట. "ఆ ఒక్క అద్దం దీంట్లోనే పట్టుకెళ్తాను, ఈసారి చేరితే?" అని బతిమాలాను. "చేరితే చూద్దాం" అన్నాడు, చేరదన్నట్టు.

అమ్మమ్మ నాతో మాట్లాడటం లేదు. నా చెయ్యి మీద మూడు నల్లటి మచ్చలున్నాయి. ఏం తప్పు చేశానో నాకింకా తెలీలేదు. నీ ఉత్తరంలో మిగతా సగం పంపు.

పిడుగు

జూన్ 21, శనివారం

పిడుగూ,

ఈసారి తలుపు గడియ పెట్టి రాస్తున్నాను. కాళ్ల మేష్టారు బయట తడుతున్నాడు. తట్టనీ. ఇటు చెవి తిప్పి కూర్చుంటే ఏమీ వినపడదు.

నన్నెవరూ మోసం చెయ్యలేదు. మీ అమ్మమ్మ దొంగా కాదు. ఆవిడ ఆ సీట్లో షికారుకి కూర్చోలేదే తల్లీ. పని చేస్తోంది.

ర్యాకులో అద్దం బిగువుగా ఉంటే మాట్లాడదు. తాడు కాస్త సడలిందంటే పలుకుతుంది. ఆ పలుకు వినగానే బండాపి బిగిస్తే బతుకుతుంది, వినకపోతే ఇంటికొచ్చేది ముక్కలు. ర్యాకు పక్క సీటు వైపుంది కాబట్టి వినేవాళ్లు ఆ సీట్లోనే ఉండాలి. విని, డ్రైవరుని గిల్లాలి. అరిస్తే ఇంజను మోతలో నాకు వినపడేది కాదు. అందుకని గిల్లుడు. అదే మా హారను, అదే మా బ్రేకు. ఒక్కోసారి నా మీద కోపంతో గిల్లేది. నేను బండాపి, దిగి, తాళ్లన్నీ చూసొచ్చేవాణ్ణి. ఆవిడ కిటికీలోంచి నవ్వేది.

నేను మాత్రం పాట లేకుండా బండి నడపలేను. రెండు స్పీకర్లూ మోగితే ఆవిడకి అద్దం వినపడదు. బాలెన్సు మీట నా వైపు తిప్పుకుంటే సరిపోయేది కానీ, మీ మామయ్య చిన్నప్పుడు బండెక్కితే చాలు దాన్ని తిప్పేసేవాడు. ఒకనాడు వాడు తిప్పాడు, ఒక షోకేసు అద్దం పోయింది. మర్నాడు మీ అమ్మమ్మ స్క్రూడ్రైవరు పట్టుకుని వచ్చి తలుపు విప్పింది, తీగ కత్తిరించింది, స్పీకరు పీకింది. కన్నం ఖాళీగా ఉంటే ఆ రేకు గలగలమని అద్దం పలుకులా మోసం చేస్తుందని పాత రేడియో స్పీకరు అడ్డం పెట్టింది. మంచిది పారెయ్యడమెందుకని వంటింటికి తీసుకెళ్లింది. గోల భరించలేక అంది కదా, నిజమే చెప్పింది. నువ్వే సగం విన్నావు. నాకు చెవి లేదు, నీకేమొచ్చింది?

ఇంకో సంగతి. మీ అమ్మ పుట్టకముందు ఆ బండి నడిపింది నేను కాదు, మీ అమ్మమ్మ. నాకంటే బాగా నడిపేది. గుంత ఉందని చక్రానికి ముందే తెలిసేది. నేను పక్కన కూర్చుని వినేవాణ్ణి. అద్దాలు సానబట్టే మిషను దగ్గర నిలబడీ నిలబడీ నా ఈ చెవి పోయాక వరసగా పగలడం మొదలైంది. అప్పుడు సీట్లు మార్చుకున్నాం. బండి ఎవరైనా నడుపుతారు. వినడం కష్టమైన పని, అందుకే అది ఆవిడ చేతికెళ్లింది. నాకి పోయింది. చూసినవాళ్లంతా ఆవిడ ఊరికే కూర్చుందనుకున్నారు. నేనూ ఎవరికీ చెప్పలేదు. నన్నే డ్రైవరంటే నాకు గౌరవంగా ఉండేది మరి.

అమ్మమ్మ దగ్గరికెళ్లు. ఎందుకు తీశావని అడగకు. ఏం వినిపిస్తుందని అడుగు.

తాత

జూన్ 23, సోమవారం

తాతయ్యా,

నీ ఉత్తరం ఇవాళ పొద్దున్నే వచ్చింది. వంటింట్లోకెళ్లి, స్టూలు లాక్కుని కూర్చుని, "అమ్మమ్మా, ఏం వినిపిస్తుంది?" అన్నాను.

ఆవిడ చేతులు తుడుచుకుంది. తర్వాత రేడియో ఆపేసింది. వంటింట్లో ఆ పెట్టె మూగబోవడం నాకు తెలిసి ఇదే మొదటిసారి.

నన్ను బండి దగ్గరికి తీసుకెళ్లి, ర్యాకులో కొత్త అద్దం నిలబెట్టింది. నన్ను పక్క సీట్లో కూర్చోబెట్టి, తలుపు వేసి, వెనక నుంచి బండిని ఊపుతూ తాళ్లు ఒక్కొక్కటీ సడలించింది. మొదట ఏమీ లేదు. "ఇప్పుడు?" "ఏం లేదు." "చెవులా తమ్మకాయలా అవి? ఇప్పుడు?" అప్పుడు విన్నాను తాతయ్యా. సన్నగా కిర్ కిర్ మంటుంది, కొత్త చెప్పులేసుకున్నవాళ్లు దూరంగా నడుస్తున్నట్టు. ఇంకా సడలిస్తే పళ్లు కొరుకుతుంది. ఆ కొరుకుడు ఆగి, ఒక్క క్షణం ఏమీ వినపడకపోతే అదే చివరి క్షణమట. కిర్రు, కొరుకుడు, ఊపిరి బిగబట్టడం. ఆవిడ పెట్టుకున్న పేర్లివి. నేను మాటలంటే పడి చస్తానని ఊరంతా టాంటాం వేసుకుంటున్నాను. ఇవన్నీ ఇన్నాళ్లూ మన వంటింట్లో ఉన్నాయి.

తర్వాత ఇద్దరం పక్క తలుపు విప్పాం. యార్డు నుంచి తెచ్చిన స్పీకరు తీసేశాను. నా చేత్తో అతికిన తీగ నేనే కత్తిరించబోతే, "ఆగు, ఆ పని ఫ్యూజు చేత చేయిస్తేనే వాడికి మర్యాద" అంది. వెళ్లి క్షమించమని అడిగి ఫ్యూజు మావని పిలుచుకొచ్చాను. వాళ్లావిడ కూడా వెంట వచ్చింది, నేను సరిగ్గా అడిగానో లేదో చూడ్డానికి. మావ తీగ కత్తిరించి, టేపు చుట్టి, "పోయినసారి కూడా ఇంత నీటుగా చుట్టింది నేనేగా" అన్నాడు. ఆ మాట ఆ రోజే చెప్పొచ్చు కదా అంటే, "నువ్వడిగింది స్పీకరు గురించి" అన్నాడు. ఈ వీధిలో అందరూ అడిగినదానికే జవాబు చెబుతారు. బుల్లి స్పీకరు, అట్టముక్కలతో సహా, పాత చోటికి చేరింది.

ఇక మిగిలింది ఒకటే చిక్కు. నేను నడుపుతూ వినలేను. అమ్మమ్మ గిల్లితే ఆపుతానని చెప్పాను. ఆవిడ తల అడ్డంగా ఊపి లోపలికెళ్లి, చీరల మధ్య నుంచి ఒక కార్డు తెచ్చి మామయ్య ముందు పెట్టింది. డ్రైవింగ్ లైసెన్సు. ఇన్నేళ్లూ గడువు తీరినప్పుడల్లా ఎవరికీ చెప్పకుండా రెన్యువల్ చేయించుకుంటూనే ఉంది. నీకు తెలుసా? తెలీదు కదూ? మామయ్య దాన్ని ముందుకీ వెనక్కీ తిప్పి చూసి, "అమ్మా, నువ్వా?" అన్నాడు.

"చిన్నప్పుడు బాలెన్సు మీట తిప్పింది నువ్వే కదరా?" అంది. మామయ్య కార్డు ఆవిడకి తిరిగిచ్చేశాడు.

అప్పుడు నా వైపు తిరిగి, "నీకు చెవులు కుదిరాయి. నాకా, ఈ మధ్య కిర్రు లీలగా వినిపిస్తోంది. సీట్లు మార్చుకుందాం" అంది. ఏదో సరుకు పక్కకి జరిపినంత మామూలుగా అంది.  అప్పుడు నాకేమనిపించిందో ఎలా రాయాలో తెలీక అలాగే వదిలేస్తున్నాను.

రేపు పొద్దున రోడ్డు మీద లారీలు మొదలవకముందే బయల్దేరతాం. అమ్మమ్మ స్టీరింగు దగ్గర, నేను పక్క సీట్లో, అద్దం నా వెనక. నీ పాటల్లో ఏదో ఒకటి డ్రైవరు వైపు మాత్రమే మోగుతుంది. అద్దం దింపాక అటు నుంచి అటే నీ దగ్గరికొస్తాం. పోస్టులో వేస్తే ఈ ఉత్తరం మాకంటే వెనకొస్తుంది, అందుకే ఈ రాత్రి బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను. మూడో మనిషికి మధ్యలో చోటుంది, నీ కాలు చాపుకోవచ్చు. చాక్లెట్లు ఉంటే పెద్దమ్మ కంటపడకుండా జేబులో వేసుకుని గుమ్మంలో ఉండు.

ఇందాక గోళ్లు తీసుకుందామని కూర్చుంటే అమ్మమ్మ కత్తెర లాక్కుంది.

"రేపు వాటితో పనుంది" అంది.

నీ పిడుగు